వట్టికోట ఆళ్వారుస్వామి: పుస్తకాలు మూటగట్టి మోసిన మనిషి

వట్టికోట ఆళ్వారుస్వామి (1915–1961) పేరు చెప్పగానే చాలామందికి గుర్తొచ్చేది ‘ప్రజల మనిషి’ నవల. ఆయన రచయిత, ప్రచురణకర్త, కార్మిక నాయకుడు, కమ్యూనిస్టు, రాజకీయ ఖైదీ. ఈ పనులన్నిటినీ కలిపిన దారం ఒకటుంది. అదే గ్రంథాలయం. ఆయన ఏ సర్కారు గ్రంథాలయంలోనూ జీతం తీసుకున్న లైబ్రేరియన్ కాడు. పుస్తకం అచ్చు వేయించడం, మోసుకెళ్లడం, చదివే మనిషిని వెతికి పట్టుకోవడం జీవితాంతం చేశారు. నిజాం రాజ్యంలో ఆ పని చేయడమంటే రాజకీయం చేయడమే.

దళిత విద్యార్థులు, కార్యకర్తలు ఆయన జీవితాన్ని ఒక ప్రశ్నతో చదవాలి. గ్రంథాలయం తలుపు ఎవరికి తెరుచుకుంది? ఎవరికి తెరుచుకోలేదు?

వంటింటి నుంచి అచ్చాఫీసుకు

ఆళ్వారుస్వామి 1915 నవంబరు 1న నల్లగొండ జిల్లా నకిరేకల్ దగ్గర చెరువు మాదారంలో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి చనిపోయారు. బడి చదువు సాగలేదు. ఒక ఉపాధ్యాయుడి ఇంట్లో వంట చేసి పెడుతూ ఆయన దగ్గరే చదువు నేర్చుకున్నారు. తర్వాత విజయవాడ వెళ్లి హోటల్లో సర్వరుగా పనిచేశారు. పని అయ్యాక మిగిలిన సమయం చదువుకే. అక్కడి నుంచి హైదరాబాదు చేరి, సురవరం ప్రతాపరెడ్డి 1926లో ప్రారంభించిన గోలకొండ పత్రికలో ప్రూఫ్ రీడరు అయ్యారు.

ఈ ప్రయాణాన్ని పేదరికాన్ని గెలిచిన కథగా చెప్పడం మామూలే. అందులో నిజం ఉంది. అయితే ఇంకో నిజాన్ని కూడా పక్కన పెట్టి చూడాలి. ఆళ్వారుస్వామిది దళిత కుటుంబం కాదు. పేదవాడైనా అగ్రకులాల ఇంటి వంటగదిలోకి వెళ్లగలిగారు, హోటల్లో పదిమందికి వడ్డించగలిగారు. ఆ వంటగదే ఆయనకు బడి అయింది. అదే కాలంలో మాల, మాదిగ ఇంట్లో పుట్టిన పిల్లవాడికి ఎంత తెలివి ఉన్నా ఆ రెండు తలుపులూ మూసే ఉండేవి. అతను వండింది తినేవాళ్లు లేరు. అతని చేతి గ్లాసు అందుకునేవాళ్లు లేరు. ఒకే పేదరికం ఇద్దరినీ ఒకే చోట నిలబెట్టదని చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ అక్కర్లేదు.

నిజాం రాజ్యంలో గ్రంథాలయం అంటే ఏమిటి

హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం 1901లో, హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం 1904లో ఏర్పడ్డాయి. అప్పటి పాలనాభాష ఉర్దూ. తెలుగులో బడి పెట్టాలన్నా, సభ జరపాలన్నా సర్కారు అనుమతి కావాలి. సభలను కట్టడి చేసిన 53వ నంబరు గస్తీ పేరు తెలంగాణ చరిత్ర చదివినవాళ్లందరికీ తెలుసు. మీటింగుకు అనుమతి దొరకని చోట పఠన మందిరమే మీటింగు అయ్యేది. పత్రిక ఒకరు పైకి చదివితే పదిమంది వినేవాళ్లు. నూటికి పదిమందికి కూడా అక్షరం రాని రాజ్యంలో గ్రంథాలయం చదివే చోటు మాత్రమే కాదు, వినే చోటు కూడా.

అయితే ఆ అరుగు మీద ఎవరు కూర్చున్నారన్నది వేరే లెక్క. గ్రంథాలయ ఉద్యమాన్ని నడిపినవాళ్లలో ఎక్కువమంది వకీళ్లు, భూమి ఉన్నవాళ్లు, అగ్రకులాల చదువరులు. 1930 మార్చిలో జోగిపేటలో జరిగిన మొదటి ఆంధ్ర మహాసభలో భాగ్యరెడ్డి వర్మ మాట్లాడబోతే సనాతనులు అభ్యంతరం చెప్పారు. భాషకు గౌరవం అడిగే సభలోనే మనిషికి గౌరవం అడగాల్సి వచ్చింది.

భాగ్యరెడ్డి వర్మ అప్పటికే తన దారి తాను వేసుకున్నారు. 1888లో హైదరాబాదులో మాదరి భాగయ్యగా పుట్టిన ఆయన 1906లో జగన్మిత్ర మండలి స్థాపించారు. హరికథల ద్వారా, ఉపన్యాసాల ద్వారా వాడల్లోకి చైతన్యం తీసుకెళ్లారు. ఇసామియా బజారు, లింగంపల్లి లాంటి చోట్ల దళిత పిల్లలకు బడులు పెట్టారు. 1931లో ‘భాగ్యనగర్’ పత్రిక ప్రారంభించారు. తెలంగాణ గ్రంథాలయ చరిత్ర రాసేటప్పుడు భాషా నిలయాల పక్కన ఈ బడులను, ఈ పత్రికను కూడా రాయాలి. గ్రంథాలయం చేసే పనినే అవి ఊరి అవతలి వాడలో చేశాయి.

దేశోద్ధారక గ్రంథమాల

1938లో ఆళ్వారుస్వామి దేశోద్ధారక గ్రంథమాల స్థాపించారు. దేశోద్ధారకుడిగా పేరుపొందిన కాశీనాథుని నాగేశ్వరరావు అదే ఏడాది చనిపోయారు. ఆయన స్మృతిలో పెట్టిన పేరు ఇది. ఈ గ్రంథమాల ముప్పైకి పైగా పుస్తకాలు తెచ్చింది. తెలంగాణ రచయితలకు అచ్చు దొరకడమే గగనమైన రోజులవి. తెలంగాణలో అణా గ్రంథమాల వంటి ప్రయత్నాలూ దాదాపు అదే కాలంలో మొదలయ్యాయి.

అచ్చు వేయడంతో పని అయిపోయిందని ఆయన అనుకోలేదు. పుస్తకాల మూట తానే మోసుకుంటూ ఊళ్లు తిరిగి అమ్మారు. సభ ఎక్కడ జరిగితే అక్కడ పుస్తకాలు పరిచారు. కోస్తాలో పాతూరి నాగభూషణం 1935లో కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువలో పడవ గ్రంథాలయం నడిపారు. నీళ్లు లేని చోట ఆళ్వారుస్వామి భుజమే పడవ అయింది. చదివేవాడు గ్రంథాలయానికి రావాలని కూర్చుంటే రాగలిగినవాళ్లే వస్తారు. పుస్తకమే బయలుదేరితే ఎవరి దగ్గరికి వెళ్లాలన్నది మోసేవాడి నిర్ణయం. ఆయన పనిలోని రాజకీయమంతా ఈ చిన్న తేడాలో ఉంది.

ఆంధ్ర మహాసభలో పనిచేస్తూ ఆయన కమ్యూనిస్టు ఉద్యమంలోకి వచ్చారు. హైదరాబాదు, సికింద్రాబాదుల్లో కార్మికుల సంఘాల్లో పనిచేశారు. పుస్తకం మోసిన చేతితోనే సంఘం రశీదు పుస్తకమూ పట్టుకున్నారు.

ఇందూరు జైలు

1946 నుంచి దాదాపు ఐదేళ్లు ఆయన జీవితం జైళ్లలోనే గడిచింది. వాటిలో ఒకటి నిజామాబాదు ఖిల్లా జైలు. బాన్సువాడకు సుమారు యాభై కిలోమీటర్ల దూరం. మన ప్రాంతానికి ఆయనతో ఉన్న గట్టి సంబంధం ఇదే. దాశరథి కృష్ణమాచార్య కూడా అదే జైలులో ఉన్నారు. కాగితం ఇవ్వని చోట దాశరథి పద్యాలు బొగ్గుతో గోడల మీదికి ఎక్కాయి, వాటిని అలా నిలపడంలో ఆళ్వారుస్వామి తోడున్నారు. దాశరథి తన ‘అగ్నిధార’ను ఆళ్వారుస్వామికే అంకితమిచ్చారు.

జైలు అనుభవాల నుంచి ‘జైలు లోపల’ కథలు వచ్చాయి. దొంగలు, హంతకులు అని ముద్ర వేసి పక్కన పెట్టిన ఖైదీలను మనుషులుగా చూపిన కథలవి.

‘ప్రజల మనిషి’లో కులం

1955లో వచ్చిన ‘ప్రజల మనిషి’ని తెలంగాణ తొలి రాజకీయ నవలగా విమర్శకులు చెబుతారు. దిమ్మెగూడెం అనే ఊరు, రామభూపాలరావు అనే దొర, అతనికి ఎదురు నిలిచే కంఠీరవం. వెట్టి, భూమి లాక్కోవడం, గడీ దౌర్జన్యం అన్నీ ఇందులో ఉన్నాయి. దళితుల మతమార్పిడి చుట్టూ జరిగే రాజకీయమూ ఉంది. దొర బాధ నుంచి, అంటరానితనం నుంచి బయటపడే దారి వెతుక్కుంటూ మతం మారినవాళ్ల చుట్టూ రెండు వైపుల వాళ్లూ ఎలా లెక్కలు వేశారో నవల చూపిస్తుంది. దళితుడు ఏ మతంలో ఉన్నాడన్న దాని మీద జరిగినంత చర్చ అతని భూమి మీద, కూలి మీద జరగలేదు. ఆ గొడవ ఈనాటికీ తీరలేదు.

నాయకత్వం మాత్రం దళిత పాత్ర చేతికి రాదు. ఊరిని కదిలించేది కంఠీరవమే. అప్పటి ఉద్యమం ఎలా ఉందో నవల కూడా అలాగే ఉంది. దీన్ని గుర్తించి చదవడం ఆయన్ని తక్కువ చేయడం కాదు. ఆయన తెరిచిన చోటు నుంచి ఇంకా ఎంత దూరం వెళ్లాలో కొలుచుకోవడం.

ఆళ్వారుస్వామి 1961 ఫిబ్రవరి 5న చనిపోయారు. వయసు నలభై అయిదు. ‘గంగు’ నవల ఆయన పోయాక అచ్చయింది.

చట్టం ఏం చెబుతోంది

ఆయన మోసిన మూట పని ఇప్పుడు చట్టం ప్రకారం సర్కారుది. హైదరాబాదు రాష్ట్రంలో 1955లో గ్రంథాలయాల చట్టం వచ్చింది. తర్వాత 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం రెండు ప్రాంతాలకూ ఆధారమైంది. పంచాయతీలు, మున్సిపాలిటీలు వసూలు చేసే ఆస్తి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు. ఆ డబ్బు జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరాలి. 2016 అక్టోబరులో కామారెడ్డి జిల్లా ఏర్పడ్డాక బాన్సువాడ ఆ జిల్లా పరిధిలోకి వచ్చింది.

ఇంటి పన్ను దళిత వాడా కడుతోంది. కాబట్టి ఆ సెస్సులో వాడ వాటా ఉంది. రాజ్యాంగం 15వ అధికరణం రెండో భాగం సర్కారు నిధులతో నడిచే బావులు, చెరువులు, రోడ్లతో పాటు ప్రజలు కలిసే స్థలాల్లోనూ కులం పేరుతో అడ్డు పెట్టకూడదంటుంది. 17వ అధికరణం అంటరానితనాన్నే రద్దు చేసింది. 1927లో మహాడ్ చెరువు దగ్గర అంబేడ్కర్ నిలబెట్టిన వాదన కూడా ఇదే. అందరి సొమ్ముతో నడిచేది అందరిదీ. చెరువుకు వర్తించిన సూత్రం గ్రంథాలయానికీ వర్తిస్తుంది.

ఇప్పుడు తలుపు దగ్గర ఎవరూ అడ్డంగా నిలబడకపోవచ్చు. అడ్డంకులు వేరే రూపంలో ఉంటాయి. గ్రంథాలయం వాడకు ఎంత దూరంలో ఉంది? కూలి నుంచి తిరిగొచ్చే వేళకు తెరిచి ఉంటుందా? అలమారలో పోటీ పరీక్షల గైడ్ల పక్కన అంబేడ్కర్ రచనలు, భాగ్యరెడ్డి వర్మ చరిత్ర, దళిత కథలు, కవిత్వం ఉన్నాయా? ఆడపిల్లలు సాయంత్రం కూర్చునే వసతి ఉందా?

వీటికి జవాబు రాబట్టే దారి ఉంది. మీ పంచాయతీ లేదా మున్సిపాలిటీ ఏటా ఎంత గ్రంథాలయ సెస్సు వసూలు చేసింది, అందులో ఎంత జిల్లా సంస్థకు జమ చేసింది, ఎంత బకాయి ఉంది అని 2005 సమాచార హక్కు చట్టం కింద ఎవరైనా అడగవచ్చు. గత ఏడాది కొన్న పుస్తకాల జాబితా కూడా అడగవచ్చు. ఆ జాబితా పట్టుకుని వాడలో నలుగురు కూర్చుని, లేని పుస్తకాల పేర్లు రాసి గ్రంథాలయ సంస్థకు ఇస్తే అదే మంచి మొదలు. ఆళ్వారుస్వామి కాలంలో పుస్తకానికి అనుమతి లేదు, డబ్బూ లేదు. ఇప్పుడు హక్కు ఉంది, మనం కట్టిన పన్నూ ఉంది. లెక్క అడగడమే మిగిలింది.