సమత్వన్యాయమునకు మూలమేది?

కులసభ లన్నింటను సమత్వమను మాట వినబడుచున్నది. ఆ మాట యే యాధారముపై నిలిచియున్నదో విచారించుట యీ వ్యాసమున మా యుద్దేశము.

నిజాము రాజ్యమందలి తెలంగాణపల్లెలలో న్యాయము పుట్టుకను బట్టి కొలువబడుచుండెను. వృత్తికులములవారును, అంటరానివారనబడినవారును కూలి లేక వెట్టి చేయవలసి వచ్చెను. మనుష్యులు పుట్టుకచేతనే హెచ్చుతగ్గులు గలవారను నమ్మకమే యీ పద్ధతికి మూలము. ఆ నమ్మకమును హైదరాబాదు నగరమున ఎదిరించినవారిలో మాదరి భాగ్యరెడ్డివర్మగారు అగ్రగణ్యులు. వారు 1906లో జగన్మిత్రమండలిని స్థాపించిరి. 1917లో బెజవాడ మహాసభకు అధ్యక్షత వహించిరి. ఆ సభలో ‘పంచములు’ అను పేరు విడువబడి, ‘ఆది ఆంధ్రులు’ అను పేరు గ్రహింపబడెను. ఇది వట్టి పేరు మార్పు గాదు. అయిదవవాడనబడినవాడు నాలుగు వర్ణముల లెక్కకు వెలుపలివాడు. ఆదినుండి యున్నవాడు ఈ నేలకు సమానహక్కుదారుడు. మనుష్యుని విలువ పుట్టుకచే తగ్గదనుట ప్రథమసూత్రము.

అయినను అందరికిని ఒకే కొలతతో పంచుటయే సమత్వమా? ఉప్పలు, నాచారము గ్రామములు కర్మాగారములకు నెలవులైన పిమ్మట ఈ ప్రశ్నకు అచ్చటనే సమాధానము దొరకినది. నాచారమున ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి కలదు. దీనికి మూలము 1948 నాటి చట్టము. కార్మికుడు తన వేతనమును బట్టి చందా చెల్లించును. 2019లో ఆ వంతు నూటికి 0.75గాను, యజమాని వంతు 3.25గాను నిర్ణయింపబడెను. మిక్కిలి తక్కువ దినకూలి గలవాని వంతు మినహాయింపబడినది. చికిత్స మాత్రము చెల్లించిన సొమ్మును బట్టి గాక, రోగమును బట్టి జరుగవలెను. జబ్బునాళ్ల రొక్కపు సాయము నేటికిని వేతనమును బట్టియే యుండుటచే ఈ ధర్మము సంపూర్ణము గాదు. అయినను దారి స్పష్టము. శక్తికొలది యిచ్చుట, అక్కరకొలది పొందుట ద్వితీయసూత్రము.

అమెరికా తత్త్వవేత్త జాన్ రాల్స్ 1971లో ప్రకటించిన గ్రంథమున మరియొక కొలతను చూపెను. సంపదయందలి హెచ్చుతగ్గులు అందరికంటె వెనుకబడినవారికి మేలు చేసినప్పుడే న్యాయ్యములని యాతని మతము.

ఈ కొలతలను ఇతరులకు మాత్రమే వర్తింపజేసిన ఫలమేమి? పై కులములవారినుండి సమత్వమును కోరుచు, మనకంటె క్రిందివారని తలచువారికి దానిని నిరాకరించినచో, మనము కోరునది న్యాయము గాదు, స్థానము మాత్రమే. విద్యార్థినిధిని పంచునపుడు ఇంటిపేరును, పలుకుబడిని చూచినచో పుట్టుకకొలతనే మరల ప్రతిష్ఠించినవారమగుదుము. తండ్రి లేని బాలికకు తొలివంతు దక్కినప్పుడే మన సభలలో పలికెడు సమత్వము సార్థకమగును. పోషకులును, సభ్యులును ఈ విషయమును ఆలోచింతురుగాక.