మూత రానంటోంది

పొద్దున ఏడున్నర. స్టవ్ ముందు మీరు. ఎదురుగా మూడు లీటర్ల కుక్కర్. పదింటికల్లా చుట్టాలు దిగుతారని అమ్మ రాత్రే చెప్పింది. రోజూ గ్లాసుడు పోసే కందిపప్పు ఇవాళ రెండు గ్లాసులు పోశారు. దానికి తగ్గ నీళ్లు, నాలుగు టమాటాలు, పచ్చిమిరపకాయలు, చిటికెడు పసుపు. గిన్నె సగం దాటి పైకొచ్చింది. మీకది కనబడుతూనే ఉంది. ఈ ఒక్కరోజుకేలే అనుకుంటారు.

మూత చేతిలోకి తీసుకోండి. ఇది గుండ్రంగా లేదు, కోడిగుడ్డులా కోలగా ఉంది. కుక్కర్ నోరూ అంతే. మూతను నిలువుగా వంచి గిన్నెలోకి దించుతారు, లోపలే తిప్పుతారు, పైకి లాగుతారు. అంచుకున్న రబ్బరు గిన్నె నోటికి లోపలి నుంచి ఆనుతుంది. మూత పిడి కొక్కేన్ని గిన్నె పిడికి తగిలిస్తారు. మీ చేతులు ఇదంతా చూడకుండానే చేసేస్తాయి. మూత నోటికన్నా పెద్దది కదా, లోపలికెలా దూరిందని ఎప్పుడైనా ఆలోచించారా? కోలగా ఉండబట్టే. దాని వెడల్పు తక్కువ వైపు, గిన్నె నోటి పొడవు వైపు నుంచి దూరిపోతుంది. గుండ్రటి మూతతో ఆ పని జరగదు.

వెయిట్ పెట్టారు. మంట పెద్దది చేశారు.

ముందు సన్నని గుసగుస. లోపల గాలి బయటికి పోతోంది. తర్వాత ఆవిరి. ఆ వెయిట్ కింద గొట్టం బెజ్జం చూడటానికి ఎంతో చిన్నది. మూడు మిల్లీమీటర్ల బెజ్జం అనుకుంటే, ప్రతి చదరపు సెంటీమీటరు మీద కిలో ఒత్తిడిని ఆపడానికి డెబ్బై గ్రాముల బరువు చాలు. లోపల ఒత్తిడి అంతకు మించితే వెయిట్ లేస్తుంది, ఆవిరి పోతుంది, మళ్లీ కూర్చుంటుంది. ఆ ఒత్తిడిలో నీళ్లు వంద డిగ్రీల దగ్గర మరగవు, నూట ఇరవై దాకా వెళ్తాయి. గంటసేపు ఉడకాల్సిన పప్పు పావుగంటలో మెత్తబడేది ఆ ఇరవై డిగ్రీల పుణ్యాన.

ఈ బరువు ఉపాయం ఎవరికి తట్టింది? డెనీ పాపాఁ అనే ఫ్రెంచి శాస్త్రవేత్తకి. 1679లో లండన్‌లో ఎముకల్ని సైతం మెత్తగా ఉడికించే ఇనుప పాత్ర చేసి చూపించాడు. పాత్ర పేలకుండా ఆవిరి దారి మీద బరువు వేలాడదీసిన ఒక మీట పెట్టాడు. 1682లో రాయల్ సొసైటీ సభ్యులకు అందులోనే వండి విందు పెట్టాడు. మీ స్టవ్ మీద ఊగుతున్నది ఆ మీట మునిమనవడే.

కుయ్‌య్‌య్!

మొదటి కూత. వెయిట్ పక్క నుంచి పసుపుపచ్చని నురగ నాలుగు చుక్కలు చిమ్మి మూత మీద ఎండిపోతుంది. మంట కాస్త తగ్గిస్తారు. పోపు సామాను వెతుకుతారు. ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ డబ్బా.

హాల్లోంచి అమ్మ గొంతు. చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ కూర్చుంది. "నాన్నా, ఎన్ని కూతలొచ్చాయి?"

"ఒకటే అమ్మా."

చెప్పాక మీకే అనుమానం వస్తుంది. ఒకటేనా? గడియారం చూస్తారు. మొదటి కూత వచ్చి ఐదు నిమిషాలు దాటింది. ఈపాటికి మూడు రావాలి.

చెవి పెట్టండి. గుసగుస లేదు. వెయిట్ ఊగడం లేదు. ఆవిరి లేదు. మంట మాత్రం నీలంగా వెలుగుతూనే ఉంది. వేడి లోపలికి పోతోంది. బయటికి ఏదీ రావడం లేదు.

ముందు స్టవ్ కట్టేయండి. ఇంకేం ఆలోచించకండి. కట్టేయండి.

కట్టేశారు.

ఇప్పుడు? సింకులో పెట్టి పంపు తిప్పుదామా? అంటే పొంగి నిండిన ఆ కుక్కర్‌ని ఎత్తాలి. ఒంటికి దగ్గరగా పట్టుకుని నాలుగడుగులు నడవాలి. వద్దు. ఉన్నచోటే ఉండనివ్వండి.

అమ్మ వచ్చేసింది. ఆమె చేతిలో గరిటె ఉంది. నలభై ఏళ్ల అలవాటు అది. మీరు ఆపేలోపే గరిటె కాడతో వెయిట్ ఎత్తింది.

ఏమీ లేదు. బుస్సుమనలేదు. చుక్క ఆవిరి రాలేదు.

"ఆవిరంతా పోయింది. తీసెయ్యి."

ఇక్కడ ఆగండి. అమ్మ మాట మీద ఎంత నమ్మకమున్నా ఆగండి. వెయిట్ ఎత్తితే ఆవిరి రాకపోవడానికి రెండు కారణాలుంటాయి. లోపల ఒత్తిడి లేకపోవచ్చు. లేదా గొట్టం మూసుకుపోయి ఉండొచ్చు. బయటికి రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి. వినిపించేదీ ఒకే నిశ్శబ్దం.

మీ చేయి అప్పటికే పిడి మీదికి వెళ్లింది. తొందర. చుట్టాలు. కొక్కెం తప్పించారు.

మూత కదలలేదు.

కొక్కెం లేదు. పట్టి ఉంచేదేదీ లేదు. అయినా కదలదు. పిడిని కొంచెం కిందికి నొక్కారు. గోడను నొక్కినట్టుంది.

చేయి తీసేయండి. వెనక్కి రండి. అమ్మను కూడా జరపండి.

ఇప్పుడు మీకు తెలిసింది. లోపల ఆవిరి ఉంది. ఆ మూతను అదే పైకి నొక్కిపట్టి ఉంచింది. మూత పదిహేను సెంటీమీటర్ల అడ్డం ఉందనుకున్నా, మామూలు ఒత్తిడిలోనే దాని మీద పడే బలం నూట డెబ్బై కిలోల పైమాట. ఏడు చిన్న బియ్యం బస్తాలు కింద నుంచి పైకి తోస్తున్నట్టు. మూత గిన్నె నోటికి బయటుండి ఉంటే ఆ ఏడు బస్తాలు దాన్ని ఊడబెరకాలని చూసేవి. లోపలుంది కాబట్టి అవే దాన్ని బిగిస్తున్నాయి. ఎంత ఒత్తిడి పెరిగితే అంత గట్టి తాళం. తాళంచెవి మీ దగ్గర లేదు, అమ్మ దగ్గరా లేదు. అది ఆవిరి చేతిలోనే ఉంది.

ఒకవేళ ఇప్పుడు తెరుచుకునుంటే? నూట ఇరవై డిగ్రీల నీళ్లు ఒక్కసారిగా మామూలు గాలిలోకి వస్తే ఆ వేడిని దాచుకోలేవు. లీటరు నీళ్లలోంచి దాదాపు అరవై లీటర్ల ఆవిరి ఒక్క క్షణంలో లేస్తుంది. మూడు వాటర్ క్యాన్లంత. దాంతోపాటు మరిగిన పప్పు. పప్పు నీళ్లలా జారిపోదు. చర్మాన్ని అంటిపెట్టుకుంటుంది. అమ్మ ముఖం ఆ కుక్కర్‌కి రెండడుగుల దూరంలో ఉండింది.

నా దృష్టిలో మన ఇళ్లలో ఉన్న వస్తువులన్నింటిలోకీ తెలివైనది ఈ మూతే. మనిషి తొందరపడతాడనీ, పొరబడతాడనీ ముందే ఊహించి చేసిన వస్తువిది. హెచ్చరిక కాగితం మీద రాసి ఊరుకోలేదు. హెచ్చరికనే మూత ఆకారంగా మలిచారు.

మీరు చేయాల్సింది ఇప్పుడు ఒక్కటే. వేచి ఉండటం. బలవంతంగా నొక్కొద్దు, అట్లకాడతో మీటొద్దు. గిన్నె చల్లబడేకొద్దీ లోపలి ఆవిరి తిరిగి నీరవుతుంది, ఒత్తిడి దానంతటదే దిగుతుంది. వంటింటి గుమ్మంలో నిలబడ్డారు. పది నిమిషాలు. పదిహేను. అమ్మ రెండుసార్లు గడియారం చూసింది, ఏమీ అనలేదు. ఇరవై.

ఠక్!

చిన్న చప్పుడు. ఎవరూ ముట్టుకోలేదు. మూత తనంతట తానే గిన్నెలోకి జారింది.

మరికాసేపు ఆగి, మసిగుడ్డతో పిడి పట్టుకుని, మూతను వంచి బయటికి తీస్తారు. పప్పు బాగానే ఉడికింది. మూతను తిరగేసి చూడండి. గొట్టం నోట్లో గోరంత టమాటా తొక్క, ఎర్రగా, దాని చుట్టూ గట్టిపడిన పప్పు నురగ. గిన్నె సగానికి మించి నింపిన పప్పు పొంగి, ఆ తొక్కను పైకి మోసుకెళ్లి బెజ్జంలో ఇరికించింది. పప్పు వండేటప్పుడు సగానికి మించొద్దని కుక్కర్ పెట్టెలో వచ్చే చిన్న పుస్తకం చెప్పేది ఇందుకే.

అదే మూత మీద ఇంకో వస్తువుంది, చిన్న లోహపు బిళ్ల. సేఫ్టీ వాల్వ్. దాని నడుమ తేలిగ్గా కరిగే లోహాల మిశ్రమం ఉంటుంది. మీరు స్టవ్ కట్టకుండా ఉండుంటే వేడి ఇంకా పెరిగి అది కరిగేది. ఆవిరి ఆ దారిన ఎగజిమ్మేది. వంటింటి కప్పు మీద పసుపు మరకలున్న ఇళ్లు మీరు చూసే ఉంటారు. అది కుక్కర్ చెడిపోయిన గుర్తు కాదు, కుక్కర్ మొత్తం పేలకుండా తనలోని చిన్న భాగాన్ని వదులుకున్న గుర్తు. బయట మూత ఉండే కుక్కర్లలోనూ ఇలాంటి ఏర్పాటే ఇంకోటి ఉంటుంది. మూత అంచులో ఒక చీలిక. ఒత్తిడి మితిమీరితే మూత అంచు రబ్బరు, అంటే గాస్కెట్, ఆ చీలికలోంచి బయటికి ఉబికి ఆవిరికి దారిస్తుంది. ఏదో ఒకటి తెగక తప్పదనుకుంటే, ఏది ముందు తెగాలో నిర్ణయించి పెట్టడం కుక్కర్ తయారుచేసేవాళ్ల నేర్పు.

ఆ నేర్పునంతా మనం చెడగొట్టగలం. సేఫ్టీ వాల్వ్ పోయిందని ఏదో ఒక నకిలీ బిళ్ల బిగించుకుంటే, కరగాల్సినప్పుడు అది కరగకపోవచ్చు. రిపేరు చేసే అతన్ని మీ కుక్కర్ కంపెనీ వాల్వే వేయమని అడగండి. కొత్త కుక్కర్ కొంటుంటే దాని మీద ఐఎస్ఐ గుర్తు వెతకండి. 2021 ఫిబ్రవరి 1 నుంచి ఆ గుర్తు లేని ఇంటి కుక్కర్ అమ్మడం మన దేశంలో చట్టవిరుద్ధం. గాస్కెట్ గట్టిపడినా, పగుళ్లిచ్చినా మార్చేయండి. దాని ఖరీదు చాలా తక్కువ.

పిన్నీసుతో తొక్క బయటికి లాగారు. గొట్టాన్ని పంపు కింద కడిగారు. ఇప్పుడు మూతను కిటికీ వైపు ఎత్తి, గొట్టంలోంచి చూడండి. ఆవగింజంత వెలుగు.

రేపు పొద్దున కూడా, మూత పెట్టే ముందు, ఇలాగే కిటికీ వైపు ఎత్తి చూడండి. ఆ వెలుగు కనబడితేనే స్టవ్ వెలిగించండి.