మూగవోయిన వైర్లెస్

నాటి చిత్తూరు జిల్లాలో తిరుమలకు మొదటి ఘాటు రోడ్డు 1944లో ఏర్పడెను. అట్టి మలుపులలో కొండ అడ్డుపడి వైర్లెస్ పిలుపు క్షీణించును. క్షీణించిన పిలుపును యంత్రమే మ్రింగుటయు కలదు.

ఆర్మ్‌స్ట్రాంగ్ 1933లో పేటెంట్లు పొందిన ఎఫ్.ఎం. పద్ధతిలో, సంకేతము లేనివేళ హోరుకు చెవులు చిల్లులు పడును. ఆ హోరును మూయు తలుపే స్క్వెల్చ్. రెండవ ప్రపంచ యుద్ధమున సైనికులు వీపున మోసిన ఎస్.సి.ఆర్. 300 వాకీటాకీలో అది యుండెను. తలుపు మరీ బిగించినచో దూరపు ఆర్తనాదము సైతము హోరుక్రిందనే జమయగును.

పిమ్మట ఒకే తరంగమును పలువురు పంచుకొనగా, మాట అడుగున 300 హెర్ట్జులకు లోబడిన మంద్రస్వరమును కలిపి పంపసాగిరి. తంబురా శ్రుతి వంటిదనుడు. 100 హెర్ట్జుల శ్రుతితో పిలుచువాని గొంతు 103.5కు కాచియున్నవానికి వినరాదు.

కావున మనము మొదట శ్రుతి నియమమును తొలగించి, స్క్వెల్చును పూర్తిగా తెరువవలెను. హోరు వచ్చెనా, స్పీకరు బాగున్నట్లే. మాటయు వచ్చెనా, ఇరువైపుల శ్రుతిసంఖ్యలు సరిచూడవలెను. అవి సరిపోయియు పలుకనప్పుడే టోన్ బోర్డు జోలికి పోవలెను.