ఫ్రీ త్రో వేళ గీత దాటితే..!
తప్పెవరిది? బంతి బుట్టలో పడిందా? తీర్పునకు ఈ రెండే ఆధారం

బాస్కెట్‌బాల్‌లో ఫ్రీ త్రో విలువ ఒక్క పాయింటే. చివరి నిమిషాల్లో జయాపజయాలను తేల్చేది కూడా తరచూ ఆ పాయింటే. బంతి షూటర్ చేతిని వీడకముందే ఎవరో ఒకరు గీత దాటడం, అధికారి ఈల ఊదడం, తమకు అన్యాయం జరిగిందంటూ ఓ జట్టు వాదనకు దిగడం పాఠశాల, జిల్లా స్థాయి పోటీల్లో పరిపాటి. ఏడాదంతా సాధన చేసిన విద్యార్థులు పొరపాటు తీర్పుతో వెనుదిరగకూడదంటే నిబంధనలపై అధికారులకు, శిక్షకులకు స్పష్టమైన అవగాహన అవసరం. అంతర్జాతీయ సమాఖ్య ఫిబా రూపొందించిన నిబంధనావళిలోని 43వ అధికరణ ఈ విషయాన్ని వివరిస్తోంది. మన దేశంలో జరిగే పోటీలకు ఫిబా నిబంధనలే ప్రామాణికం.

ఎవరెక్కడ నిలబడాలి?
ఫ్రీ త్రో గీత ఎండ్ లైన్ నుంచి 5.80 మీటర్ల దూరంలో ఉంటుంది. రీబౌండ్ కోసం గీతల వెంబడి గరిష్ఠంగా ఐదుగురు నిలబడవచ్చు. వీరిలో ముగ్గురు ప్రత్యర్థులు కాగా, ఇద్దరు షూటర్ సహచరులు. బుట్టకు అతి సమీపంలోని స్థానాలు ప్రత్యర్థులకే చెందుతాయి. మిగిలిన వారందరూ ఫ్రీ త్రో గీతకు, మూడు పాయింట్ల గీతకు వెనుకనే ఉండాలి. ఫ్రీ త్రోల అనంతరం బంతి ఎలాగూ ఒక జట్టుకే దక్కే సందర్భాల్లో గీతల వెంబడి ఎవరినీ నిలబెట్టరాదు.
2010 నుంచి అంతర్జాతీయ పోటీల్లో నిషిద్ధ ప్రాంతం దీర్ఘచతురస్రాకారంలోకి మారింది. అంతకుముందు అది కింద వెడల్పుగా, పైన ఇరుకుగా ఉండేది. పాత గీతలు చెరగని కోర్టుల్లో ఏ గీత వర్తిస్తుందో ఆటకు ముందే ప్రకటించడం ఉత్తమం.

ఎప్పుడు కదలవచ్చు?
ఎక్కువ వివాదాలకు మూలం ఇదే. రీబౌండ్ స్థానాల్లోని వారు బంతి షూటర్ చేతిని వీడిన మరుక్షణం లోపలికి రావచ్చు. షూటర్ మాత్రం బంతి బుట్టలో పడేవరకు లేదా రింగును తాకేవరకు గీతను తొక్కరాదు. వెనుక నిలబడినవారు ఫ్రీ త్రో పూర్తిగా ముగిసేవరకు ఆగాలి. బంతి అందుకున్న 5 సెకన్లలోగా షూటర్ దానిని విడవాలి. టీవీలో కనిపించే ఎన్‌బీఏ పోటీల్లో 10 సెకన్ల గడువు ఉంటుంది కనుక ఆ లెక్క ఇక్కడ చెల్లదు. వేసినట్లు నటించి ఎదుటివారిని ముందుకు రప్పించడం షూటర్ తప్పుగానే పరిగణిస్తారు. చేతులు ఊపడం వంటి చేష్టలతో షూటర్ ఏకాగ్రతను చెదరగొట్టడం కూడా ఉల్లంఘనే.

తీర్పు ఎలా?
* షూటర్ తప్పు చేస్తే: బంతి పడినా పాయింటు రాదు. ఇక ఫ్రీ త్రోలు మిగిలి లేకుంటే ప్రత్యర్థికి ఫ్రీ త్రో గీతకు సమాంతరంగా పక్క గీత వద్ద నుంచి త్రో-ఇన్ ఇవ్వాలి.
* ఇతరులు తప్పు చేసి, బంతి పడితే: తప్పు ఏ జట్టుదైనా పాయింటు చెల్లుతుంది. ఉల్లంఘనను పట్టించుకోనవసరం లేదు. సహచరుడు ముందుగా కదిలాడని పాయింటును రద్దు చేయడం సరికాదు.
* ప్రత్యర్థి తప్పు చేసి, బంతి పడకుంటే: షూటర్‌కు మరో ఫ్రీ త్రో ఇవ్వాలి.
* చివరి ఫ్రీ త్రోలో సహచరుడు తప్పు చేసి, బంతి పడకుంటే: ప్రత్యర్థికి త్రో-ఇన్ దక్కుతుంది.
* చివరి ఫ్రీ త్రోలో రీబౌండ్ స్థానాల్లోని ఇరుజట్ల వారూ తప్పు చేసి, బంతి పడకుంటే: జంప్ బాల్ పరిస్థితిగా పరిగణించి, స్కోరర్ బల్లపై ఉన్న బాణం గుర్తు సూచించిన జట్టుకు బంతి ఇవ్వాలి.

అధికారులు పాటించాల్సినవి
షూటర్‌కు బంతి అందించే ముందు ఎన్ని ఫ్రీ త్రోలో వేళ్లతో చూపి, అందరూ తమ స్థానాల్లో ఉన్నారో లేదో పరిశీలించాలి. ఇద్దరు అధికారులూ బంతినే చూస్తూ ఉండిపోతే పాదాలను గమనించేవారు ఉండరు. అందువల్ల షూటర్‌ను, 5 సెకన్ల లెక్కను ఒకరు, రీబౌండ్ స్థానాలను మరొకరు చూసుకునేలా ముందే పంచుకోవడం మేలు. షూటర్ కాక ఇతరులు గీత దాటినప్పుడు తొందరపడి ఈల ఊదక, బంతి ఫలితం తేలేవరకు వేచి చూడాలి. ఫలితాన్ని బట్టే తీర్పు మారుతుందన్నది మరువరాదు.
ఇది ఉల్లంఘనే తప్ప ఫౌల్ కాదు. క్రీడాకారుడి ఐదు ఫౌళ్ల లెక్కలో గానీ, జట్టు ఫౌళ్లలో గానీ దీనిని స్కోరు పత్రంలో నమోదు చేయరాదు. ఆట ఆరంభానికి ముందే ఇరుజట్ల కెప్టెన్లకు ఈ అంశాలు వివరిస్తే కోర్టులో వాగ్వాదాలు చాలావరకు తగ్గుతాయి.