కోటవురట్లలో అక్షరాలెన్ని?

కోటవురట్ల అన్న పేరులో ఎన్ని అక్షరాలున్నాయంటే ఒకటో క్లాసు పిల్లాడు కూడా అయిదని చెప్పేస్తాడు. పీహెచ్‌పీలో స్ట్ర్‌లెన్‌ని అడగండి, 27 అంటుంది. పాపం, దాని పుట్టుకే అలాంటిది.

1994లో రాస్మస్ లెర్డార్ఫ్ తన రెజ్యూమే పేజీని ఎవరెవరు చూస్తున్నారో తెలుసుకోడానికి సీ భాషలో కొన్ని ప్రోగ్రాములు రాసుకున్నాడు. 1995 జూన్‌లో వాటిని అందరికీ ఇచ్చేశాడు. అదే పీహెచ్‌పీకి మొదలు. వేరియబుల్‌లో ఉన్న విలువని సర్వరే హెచ్‌టీఎమ్‌ఎల్ మధ్యలో పెట్టి పంపిస్తుంది. 'ఎకో' అని ఒక్క ముక్క రాస్తే చాలు. దీని ఉపయోగం తెలియాలంటే 2022 ఏప్రిల్ 4 గుర్తు తెచ్చుకోండి. ఆరోజు కోటవురట్ల మండలం విశాఖపట్నం జిల్లా నుంచి కొత్త అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. జిల్లా పేరుని ప్రతి పేజీలో చేత్తో రాసుకున్నవాళ్ళు అన్ని పేజీలూ దిద్దుకోవాలి. వేరియబుల్‌లో పెట్టుకున్నవాళ్ళు ఒక్కచోట మారిస్తే సరి.

అయితే ఈ భాషకి అక్షరాలు తెలీవు, బైట్లే తెలుసు. ఇంగ్లీషులో అక్షరానికో బైటు కాబట్టి వాళ్ళకి తేడా కనపడలేదు. తెలుగు 1991లోనే యూనికోడ్‌లో చేరింది గానీ, యూటీఎఫ్-8లో మన ప్రతి కోడ్‌కీ 3 బైట్లు కావాలి. క, ఓత్వం, ట, వ, కొమ్ము, ర, ట, పొల్లు, ల: మొత్తం 9 కోడ్లు. తొమ్మిది మూళ్ళు ఇరవై ఏడు!

ఎకో ఆ 27 బైట్లనీ ఉన్నవున్నట్టు పంపిస్తుంది. గొడవంతా కత్తిరించినప్పుడే. పేరుకి 20 బైట్లు చాలనుకుని సబ్‌స్ట్ర్‌తో కోస్తే 'కోటవుర' మిగిలి, పక్కన డైమండ్‌లో ప్రశ్నార్థకం వస్తుంది.

దీన్ని మూలంలోనే సరిచెయ్యాలని పీహెచ్‌పీ 6 మొదలుపెట్టారు. లోపలంతా యూటీఎఫ్-16 అన్నారు. 2010లో ఆ ప్రయత్నాన్నే వదిలేశారు. 2015 డిసెంబర్‌లో ఏకంగా 7 వచ్చింది. డిఫాల్ట్ క్యారెక్టర్‌సెట్ యూటీఎఫ్-8 అయింది కూడా 2014లో, 5.6 వచ్చాకే.

మరి 2003 డిసెంబర్‌లో మొదలైన తెలుగు వికీపీడియా నడుస్తున్నదీ పీహెచ్‌పీ మీదే కదా! భాష చూసుకోని సంగతిని మీడియావికీ రాసినవాళ్ళు చూసుకున్నారు. మనం చేసే పనీ అదే కావాలి. ఎమ్‌బీ ఫంక్షన్లు వాడితే కోడ్ మధ్యలో తెగదు, కానీ వాటి లెక్కలోనూ కోటవురట్ల 9. అయిదు అక్షరాలన్నది మనకే తెలిసిన లెక్క. కాబట్టి ఫారంలో పేరుకి హద్దు పెట్టేముందు 'టెస్ట్' అని కొట్టి వదిలెయ్యకండి, ఓసారి 'అనకాపల్లి' అనీ కొట్టి చూడండి. అదీ అయిదక్షరాలే, 27 బైట్లే.