ఇంట్లో కంప్యూటర్ మొరాయిస్తే: ముందు ఏది చూడాలి, ఎక్కడ ఆగాలి

కంప్యూటర్ ఆన్ కాలేదంటే చాలా ఇళ్లలో మొదట వినిపించే మాట ‘మదర్‌బోర్డు పోయినట్టుంది’. రెండో మాట ‘ఒకసారి ఫార్మాట్ కొట్టిస్తే సరి’. చాలాసార్లు ఈ రెండూ తొందరపాటు మాటలే. మొదటిది అనవసరమైన ఖర్చు పెట్టిస్తుంది. రెండోది పిల్లల చిన్ననాటి ఫొటోలను, పన్ను లెక్కలను, ఏళ్ల తరబడి దాచుకున్న పత్రాలను చెరిపేస్తుంది. పాడైన పరికరం ఏదైనా మళ్లీ కొనుక్కోవచ్చు. పోయిన ఫైళ్లు బజారులో దొరకవు. అందుకే ఇంటి కంప్యూటర్ మరమ్మతుకు రెండు సూత్రాలు చాలు. తేలికైనది, ఖర్చు లేనిది ముందు చూడాలి. ఫైళ్లకు ముప్పు ఉందనిపించిన చోట ఆగిపోవాలి.

ఎక్కడ ఆగిందో అదే చెబుతుంది

స్విచ్ నొక్కినప్పటి నుంచి కంప్యూటర్‌లో పనులు ఒక వరుసలో జరుగుతాయి. ముందు కరెంటు అందాలి. తర్వాత మదర్‌బోర్డు మీది బయోస్ అనే చిన్న ప్రోగ్రాం ప్రాసెసర్, ర్యామ్, డిస్ప్లే, కీబోర్డులను పరీక్షిస్తుంది. అన్నీ సరిగా ఉంటే డిస్క్ నుంచి విండోస్‌ను పిలుస్తుంది. ఆ తర్వాతే మనం వాడే ప్రోగ్రాములు తెరుచుకుంటాయి. యంత్రం ఈ వరుసలో ఎక్కడ ఆగిందో గమనిస్తే సగం పని అయిపోయినట్టే. లైటు కూడా వెలగకపోతే విండోస్‌ను అనుమానించాల్సిన పని లేదు. విండోస్ తెర కనిపించిందంటే ప్రాసెసర్, ర్యామ్, మానిటర్ కనీసం అంతవరకు పనిచేశాయని అర్థం.

ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. కేబుల్ మార్చి, ర్యామ్ తీసి, డ్రైవర్ కూడా మార్చేస్తే, బాగైనా దేనివల్ల బాగైందో తెలియదు. తెరపై కనిపించిన సందేశాన్ని ఫోన్‌తో ఫొటో తీసుకుంటే తర్వాత వెతకడానికి పనికొస్తుంది.

కరెంటే రాకపోతే

డెస్క్‌టాప్ అయితే ముందుగా యూపీఎస్‌ను, ఎక్స్‌టెన్షన్ బోర్డును పక్కనపెట్టి ప్లగ్గును నేరుగా గోడ సాకెట్‌లో పెట్టి చూడాలి. యూపీఎస్ బ్యాటరీ కొన్నేళ్లకే బలహీనపడుతుంది. అప్పుడు తప్పు యూపీఎస్‌ది, అనుమానం కంప్యూటర్ మీద. కరెంటు పోయిన ప్రతిసారీ కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంటే, ఇంటి ఇన్వర్టర్ మారడానికి తీసుకునే సమయం ఎక్కువని అర్థం. చాలా ఇన్వర్టర్లకు వెనుక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటుంది. దాన్ని మారిస్తే ఈ సమస్య చాలావరకు పోతుంది.

ఇళ్లలో అందరూ సీపీయూ అని పిలిచే క్యాబినెట్ వెనుక, పవర్ కేబుల్ దగ్గర ఇంకో చిన్న స్విచ్ ఉంటుంది. తుడిచేటప్పుడు అది ఆఫ్ అయిపోవడం మామూలే. అవన్నీ సరిగా ఉన్నా ఫ్యాన్ కదలకపోతే అనుమానం ఎస్‌ఎంపీఎస్ మీదకు వెళ్తుంది. దాన్ని మార్చవచ్చు కానీ విప్పకూడదు. ప్లగ్గు తీసేసిన తర్వాత కూడా దాని కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్ నిలిచి ఉంటుంది.

ల్యాప్‌టాప్ ఉలుకూ పలుకూ లేకుండా ఉంటే చార్జర్ తీసేసి, పవర్ బటన్‌ను 30 సెకన్ల పాటు నొక్కి పట్టుకోవాలి. తర్వాత చార్జర్ పెట్టి మళ్లీ ఆన్ చేయాలి. లోపల మిగిలిన విద్యుత్ పోయి చాలా ల్యాప్‌టాప్‌లు మేల్కొంటాయి. అయితే టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బినా, అడుగు భాగం సమంగా ఆనకపోయినా బ్యాటరీ ఉబ్బిందేమో చూడాలి. ఉబ్బిన బ్యాటరీకి నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది. దాన్ని చార్జ్ చేయకుండా, నొక్కకుండా వెంటనే మార్పించాలి.

ఫ్యాన్ తిరుగుతుంది, తెర మాత్రం నలుపే

మానిటర్‌పై ‘నో సిగ్నల్’ అని వస్తే మానిటర్ బాగానే ఉందని అర్థం. కేబుల్ వదులైందేమో చూడాలి. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటర్‌లో కేబుల్‌ను ఆ కార్డుకే తగిలించాలి. మదర్‌బోర్డు సాకెట్‌కు పెడితే చాలాసార్లు బొమ్మ రాదు.

క్యాబినెట్ నుంచి బీప్ శబ్దాలు వరుసగా వస్తుంటే అది బయోస్ చేస్తున్న ఫిర్యాదు. ఎన్ని బీప్‌లకు ఏమి అర్థమో కంపెనీని బట్టి మారుతుంది. ఎక్కువగా దొరికే దోషి ర్యామ్. ప్లగ్గు తీసేసి, ఒంటిపై స్థిర విద్యుత్ పోవడానికి క్యాబినెట్ లోహపు భాగాన్ని తాకి, ర్యామ్ ముక్కను తీసి, దాని బంగారు రంగు అంచును పొడి గుడ్డతో తుడిచి, క్లిక్‌మనే దాకా మళ్లీ నొక్కాలి. రెండు ముక్కలుంటే ఒక్కొక్కటే పెట్టి చూస్తే ఏది చెడిందో తేలిపోతుంది.

ల్యాప్‌టాప్ తెర నల్లగా ఉంటే దాన్ని హెచ్‌డీఎంఐ కేబుల్‌తో టీవీకి కలపాలి. టీవీలో బొమ్మ వస్తే పాడైంది తెర లేదా దాని తీగ మాత్రమే. లోపలి ఫైళ్లు భద్రంగా ఉన్నాయి కాబట్టి వాటిని అప్పుడే కాపీ చేసుకోవచ్చు.

గడియారం వెనక్కి పోతే

ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ ఏళ్ల వెనక్కి వెళ్తుంటే అది మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోయిన గుర్తు. డెస్క్‌టాప్‌లలో ఎక్కువగా ఉండేది సీఆర్ 2032 రకం, 3 వోల్టులది. వాచీల దుకాణంలోనూ దొరుకుతుంది. తేదీ తప్పితే బ్యాంకు వెబ్‌సైట్లు సహా చాలా సైట్లు ‘ఈ కనెక్షన్ సురక్షితం కాదు’ అని అడ్డుపడతాయి. సైట్ల భద్రతా ధ్రువపత్రాలకు గడువు తేదీలు ఉండటమే దానికి కారణం. దాన్ని వైరస్ అనుకుని ఫార్మాట్ చేయిస్తే ఫైళ్లు పోతాయి, సమస్య మాత్రం అలాగే ఉంటుంది.

విండోస్ దాకా వచ్చి కూలిపోతే

నీలి తెర వచ్చిందంటే విండోస్ తనను తాను కాపాడుకోవడానికి ఆగిందని అర్థం. విండోస్ 11 కొత్త రూపాల్లో ఈ తెర నల్లగా కనిపిస్తుంది. దానిపై ఉండే స్టాప్ కోడ్ ముఖ్యం. అంతకు ముందు రోజు ఏం మారిందన్నది ఇంకా ముఖ్యం. కొత్త ప్రింటర్, కొత్త డ్రైవర్, కొత్త అప్‌డేట్, కొత్త ర్యామ్ వీటిలో ఏదైనా ఉంటే అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

2024 జులై 19న ప్రపంచమంతా ఇదే జరిగింది. క్రౌడ్‌స్ట్రయిక్ సంస్థ భద్రతా సాఫ్ట్‌వేర్‌కు వచ్చిన లోపభూయిష్టమైన అప్‌డేట్ వల్ల సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు కూలిపోయాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. హైదరాబాద్‌తో సహా మన విమానాశ్రయాల్లో చేతిరాతతో బోర్డింగ్ పాసులు ఇచ్చారు. ఆ యంత్రాల్లో విడిభాగం ఏదీ పాడవలేదు. సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఆ ఒక్క ఫైలును తొలగిస్తే అవి మామూలుగా లేచాయి.

ఇంట్లోనూ దారి అదే. వరుసగా రెండు మూడుసార్లు విండోస్ లేవలేకపోతే రికవరీ తెర దానంతట అదే వస్తుంది. అందులోంచి సేఫ్ మోడ్ తెరవవచ్చు, చివరి అప్‌డేట్‌ను తీసేయవచ్చు, సిస్టమ్ రిస్టోర్‌తో పాత స్థితికి వెళ్లవచ్చు. సిస్టమ్ రిస్టోర్ సొంత ఫైళ్ల జోలికి వెళ్లదు. రీసెట్ వేరు, ఫార్మాట్ వేరు. రీసెట్‌లో ‘నా ఫైళ్లు ఉంచు’ అన్న ఎంపిక ఉంటుంది. అయినా ముందు కాపీ తీసుకోవడమే మంచిది.

ఇక్కడ చాలామందికి తెలియని చిక్కు ఒకటుంది. కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్క్ బిట్‌లాకర్ రక్షణతో తాళం వేసి వస్తోంది. బయోస్ మార్చినా, మదర్‌బోర్డు మార్చినా అది 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ సాధారణంగా మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. ఖాతా ఏదో మరిచిపోయి, కీ కూడా లేకపోతే ఆ ఫైళ్లను మైక్రోసాఫ్ట్ కూడా తెరవలేదు. యంత్రం బాగున్న రోజునే ఆ కీ కాగితం మీద రాసి పెట్టుకోవాలి.

పని నెమ్మదిస్తే

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను ఒకేసారి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. ప్రాసెసర్, మెమరీ, డిస్క్‌లలో ఏది నిండిపోయిందో అక్కడే కనిపిస్తుంది. మెమరీ నిండితే ర్యామ్ చాలడం లేదు. పాత రకం హార్డ్‌డిస్క్ ఉండి, అది తరచూ నూరు శాతం చూపిస్తుంటే మందు ఎస్‌ఎస్‌డీ. తిరిగే పళ్లెం ఉన్న హార్డ్‌డిస్క్ చెదురుమదురుగా ఉన్న డేటాను సెకనుకు సుమారు వందసార్లు మాత్రమే చదవగలదు. ఎస్‌ఎస్‌డీ వేలసార్లు చదువుతుంది. పాత కంప్యూటర్ మార్చేయాలనుకునే ముందు ఈ ఒక్క మార్పు చేసి చూడటం లాభం.

మొదట బాగుండి, అరగంట తర్వాత నెమ్మదిస్తే కారణం వేడి. ప్రాసెసర్ మరీ వేడెక్కితే తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది, ఇంకా పెరిగితే ఆపేసుకుంటుంది. ల్యాప్‌టాప్‌ను పరుపు మీద పెడితే గాలి దారులు మూసుకుపోతాయి. దుమ్ము పట్టిన ఫ్యాన్‌ను ఏడాదికోసారి శుభ్రం చేయించాలి.

ఇంకో మాట. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఉన్నప్పుడు షట్‌డౌన్ పూర్తి షట్‌డౌన్ కాదు. కొంత స్థితిని డిస్క్‌లో దాచి, మళ్లీ అదే తెరుస్తుంది. రీస్టార్ట్ మాత్రమే అన్నీ మొదటి నుంచి మొదలుపెడుతుంది. ప్రింటర్, సౌండ్, వైఫై వింతగా ప్రవర్తిస్తే ముందు రీస్టార్ట్ చేయాలి.

ఇంటర్నెట్ రాకపోతే

ఫోన్‌ను అదే వైఫైకి కలిపి చూడాలి. ఫోన్‌లోనూ రాకపోతే కంప్యూటర్‌ది తప్పు కాదు. ఫైబర్ కనెక్షన్ పెట్టెపై లాస్ అనే దీపం ఎర్రగా వెలుగుతుంటే తీగలో కాంతి రావడం లేదని అర్థం. ఎక్కడో తీగ తెగి ఉండొచ్చు, వెనుక వంగిపోయి ఉండొచ్చు. కంప్యూటర్‌లో ఏ సెట్టింగ్ మార్చినా ఉపయోగం ఉండదు, ఫిర్యాదు చేయాల్సిందే. ఫోన్‌లో వచ్చి కంప్యూటర్‌లో రాకపోతే వైఫై పాస్‌వర్డును తీసేసి మళ్లీ ఇవ్వాలి, ఆ తర్వాత వైఫై డ్రైవర్ చూడాలి.

తెలుగు అక్షరాలు గజిబిజిగా కనిపిస్తే

పాత తెలుగు ఫైలు తెరిస్తే ఇంగ్లిష్ అక్షరాలు, వింత గుర్తులు కనిపించడం వైరస్ కాదు. అను వంటి పాత ఫాంట్లలో టైపు చేసిన పాఠం లోపల ఇంగ్లిష్ సంకేతాలుగానే ఉంటుంది. ఆ ఫాంటు ఉంటేనే అది తెలుగుగా కనిపిస్తుంది. ఫాంటును మళ్లీ వేసుకోవాలి, లేదా కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. మార్చేటప్పుడు ఒత్తులు అక్కడక్కడ తప్పుతాయి కాబట్టి అసలు ఫైలును పారేయకూడదు.

డిస్క్ మూలుగుతుంటే ఆగిపోవాలి

హార్డ్‌డిస్క్ నుంచి టిక్ టిక్ శబ్దం రావడం, ఫోల్డర్లు తెరవడానికి నిమిషాలు పట్టడం, ఫైళ్లు మాయమవడం దాని చివరి రోజుల లక్షణాలు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో వంటి ఉచిత ప్రోగ్రాం డిస్క్ ఆరోగ్యాన్ని చూపిస్తుంది. అందులో హెచ్చరిక కనిపిస్తే మరమ్మతు ప్రయత్నాలు చేయకూడదు. చెక్ డిస్క్ వంటి పరీక్ష డిస్క్ మొత్తాన్ని చదివిస్తుంది. కొనఊపిరితో ఉన్న డిస్క్ ఆ భారానికే ఆగిపోవచ్చు. ముందు ముఖ్యమైన ఫైళ్లు, తర్వాత మిగిలినవి వేరే చోటికి కాపీ చేయాలి. శబ్దం గట్టిగా ఉంటే వెంటనే ఆపేసి, డేటా రికవరీ నిపుణులకు ఇవ్వాలి.

పొరపాటున ఫైలు చెరిపేస్తే ఆ డిస్క్‌లో కొత్తగా ఏమీ రాయకూడదు. రికవరీ ప్రోగ్రాంను కూడా అందులో ఇన్‌స్టాల్ చేయకూడదు. హార్డ్‌డిస్క్‌లో చెరిపిన ఫైలు, దాని చోటులో వేరేది పడేదాకా లోపలే ఉంటుంది. ఎస్‌ఎస్‌డీలో ఆ అవకాశం బాగా తక్కువ, ఎందుకంటే ఖాళీ అయిన చోటును అది త్వరలోనే నిజంగా తుడిచేస్తుంది.

సహాయం పేరుతో వచ్చే మోసం

బ్రౌజర్‌లో సైరన్ మోగుతూ ‘మీ కంప్యూటర్‌కు వైరస్ సోకింది, ఈ నంబరుకు ఫోన్ చేయండి’ అని వస్తే అది మోసం. మైక్రోసాఫ్ట్ హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఉండదు. టాస్క్ మేనేజర్‌తో బ్రౌజర్‌ను మూసేస్తే చాలు. ఈ తరహా నకిలీ కాల్ సెంటర్లపై సీబీఐ 2023 అక్టోబరులో ‘ఆపరేషన్ చక్ర-2’ పేరుతో దాడులు చేసింది. అపరిచితులు చెప్పారని రిమోట్ యాప్ వేసుకోకూడదు. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

అప్‌డేట్లు ఆపేయడం ఇంకో ప్రమాదం. 2017 మేలో వన్నాక్రై వైరస్ ఆంధ్రప్రదేశ్‌లోని కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లనూ తాళం వేసేసింది. దానికి విరుగుడైన అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ ఆ ఏడాది మార్చిలోనే ఇచ్చింది. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. దాన్నే వాడుతున్నవారు విండోస్ 11కు మారే వీలుందో లేదో చూసుకోవాలి.

దుకాణానికి ఇచ్చే ముందు

ఫైళ్లు కాపీ తీసుకోవాలి. వీలుకాకపోతే ‘అడగకుండా ఫార్మాట్ చేయవద్దు’ అని రసీదు మీద రాయించుకోవాలి. సీరియల్ నంబరు ఫొటో తీసుకోవాలి. ఈమెయిల్, బ్యాంకు ఖాతాల నుంచి లాగౌట్ కావాలి. మార్చిన పాత భాగాన్ని తిరిగి అడిగి తీసుకోవాలి.

అన్నింటికీ ముందుచూపు ఒక్కటే. ముఖ్యమైన ఫైళ్లకు మూడు కాపీలు ఉండాలి. అవి రెండు రకాల పరికరాల్లో ఉండాలి. ఒకటి ఇంటి బయట ఉండాలి. ఫోల్డర్‌ను క్లౌడ్‌తో సింక్ చేసినంత మాత్రాన అది బ్యాకప్ కాదు, ఇక్కడ చెరిపితే అక్కడా చెరిగిపోతుంది. నెలకోసారి ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేసి, దాని కేబుల్ తీసేసి బీరువాలో పెట్టుకుంటే చాలు. అప్పుడు కంప్యూటర్ ఏ రోజు మొరాయించినా పోయేది యంత్రమే.