ట్యాంకు

మా రాజంపేటలో ట్యాంకు అంటే ముందు నీళ్ల ట్యాంకే. యుద్ధయంత్రానికి ఆ పేరు రావడానికి కారణమూ నీళ్లే. 1915లో ఇంగ్లండ్‌లోని లింకన్‌లో ఈ ఉక్కుబండి తయారవుతుంటే, గుట్టు బయటపడకుండా దాన్ని నీళ్ల తొట్టె అన్నారు. 1916 సెప్టెంబరు 15న సోమ్ యుద్ధంలో దిగేసరికి ఆ మారుపేరే స్థిరపడిపోయింది. మన చెరువులను ఇంగ్లిషువాళ్లు అంతకుముందే ట్యాంకులన్నారు. హుస్సేన్‌సాగర్ కట్ట ట్యాంక్‌బండ్ అయింది అందుకే.

గొలుసుపట్టీల మీద నడిచే ప్రతి సైనిక వాహనాన్నీ మనం ట్యాంకు అనేస్తాం. వీటి చిన్న నమూనాలు కట్టేవాళ్లకు అది చాలదు. సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారం ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలో తయారైన ‘సరథ్’ ట్యాంకు కాదు, సైనికులను మోసుకెళ్లే పోరుబండి. సోవియట్ బీఎంపీ-2కు మన దేశపు రూపం. పొడవు సుమారు 6.7 మీటర్లు. 1:35 స్కేలులో 19 సెంటీమీటర్లే వస్తుంది, 1:16లో 42. నాకు పెద్దదే ఇష్టం. వెనుక తలుపులు తెరుచుకునేలా చేయవచ్చు. అసలు బండిలో ఆ తలుపుల లోపలే డీజిల్ నింపే చోటుంటుంది. పక్కల మీద సైనికులు తుపాకులు పెట్టి కాల్చే రంధ్రాలుంటాయి. ఇప్పటి ట్యాంకులకు అవి ఉండవు.